మంద బయలు గోడ

పొద్దుగూకినంక మంద బయలు దిక్కు ఎవ్వలూ పోయేటోళ్లు కాదు.

పెద్దవంగర నుంచి మా ఊరికి వచ్చే బండ్లు ఆ బయలు అంచు తగలంగనే తొవ్వ ఇడిసి చెలకలల్ల పడి వచ్చేటివి. ఎంత చుట్టైనా సరే. ఎడ్ల మెడలల్ల గంటలకు గుడ్డపేలికలు చుట్టేటోళ్లు... సప్పుడైతే అది ఇంటదని. పసిపిల్లలు రాత్రి ఏడిస్తే తల్లులు నోటికి చెయ్యి అడ్డం పెట్టేటోళ్లు.

ఇది మా తాత మల్లేశం చెప్పిన ముచ్చట. ఆయన వెంకట్రాం దొర గడిల వెట్టి మనిషి. బయలు మీద జరిగిందాంట్ల సగం ఆయన కండ్లార చూసిండు. తతిమ్మ సగం ఆయనకు గూడ ఎనుకనే ఎరుకైంది.

మొదలు ఆ జాగకు చెడ్డపేరు లేకుండె. ఊరి పక్కన అంత నేల ఉత్తగ ఉండుడే మా ఊరికి ఆసరా. పొద్దుగాల ఊరి గొడ్లన్ని అండ్లనే జమైతుండె. వారం వారం అంగడి అండ్లనే. బతుకమ్మ ఆడేది అక్కడ, పెండ్లి బంతి కూసునేది అక్కడ. ఎండకాలం ఇండ్లల్ల ఉడుకపోస్తే సాపలు పట్టుకపోయి పండుకునేది గూడ అక్కడనే.

గొడ్లను కాసేది దుర్గయ్య. చీకటి ఇచ్చుకోకముందే బయలు నడుమ నిలవడి పిలుస్తుండె.

“గొడ్లిడువుండ్రో...”

జర బొంగురు గొంతు. ఆ పిలుపుకే ఊరు లేస్తుండె.

నిజాం రాజ్యం ఆఖరికి వచ్చిన ఏండ్లు అవి. దొరల మీద ఊరూర సంఘం లేస్తున్న కాలం. గప్పుడే వెంకట్రాం దొర కన్ను బయలు మీద పడ్డది. చుట్టూ రాతిగోడ పెట్టి లోపల వడ్ల గోదాం కడుతనన్నడు.

ఊరు ఒప్పుకోలే. దుర్గయ్య, నేతపని చేసే పోశాలు ముంగట పడి ఇంటింటికి తిరిగిండ్రు. అందరు కలిసి మానుకోట తహసీలు దాక నడిచిపోయి మొర పెట్టుకున్నరు. జాగ సర్కారుది, దొర సర్కారు మనిషి, నడుమ మీరెవలని తిట్టి పంపిండ్రు. వాపసు వచ్చి, ఇండ్లకు పోక, బయలు మీదనే కూసున్నరు. పునాది కోసం తవ్విన గుంతలల్ల ఆడోళ్లు దిగి కూసున్నరు. గంజి అక్కడనే కాసుకున్నరు. దొర మనుషులు పారలు పట్టుకొని వచ్చుడు, చూసుడు, పోవుడు.

తర్వాత రజాకార్లు వచ్చిండ్రు.

దుర్గయ్యను బయలు నడుమనే కాల్చిండ్రు. పీనుగను ఎవ్వలనూ ముట్టనియ్యలే. పడ్డకాడనే బొంద తీసి పూడ్చిండ్రు. పెండ్లాం యాదమ్మను దగ్గరికి గూడ రానియ్యలే.

తెల్లారి గోడ పని మొదలైంది. ఈసారి గుంతలల్ల దిగేటోళ్లు లేరు. యాదమ్మ ఒక్కతే ఇంటింటికి పోయి నిలవడ్డది. ఏమీ అడుగలే... ఉత్తగ నిలవడ్డది. తలుపులు తెరువలే. పోశాలు మగ్గం గుంతల కూసొని వంచిన తల ఎత్తలే. ఇగ ఆమె గూడ ఎవలతోని మాట్లాడుడు బంద్ చేసింది. కూలికి పోవుడు, వచ్చుడు, అంతే.

గోడ మోకాళ్లెత్తు లేసింది. గప్పుడు, ఒక రాత్రి —

“గొడ్లిడువుండ్రో...”

బయలు దిక్కు నుంచి. అదే బొంగురు గొంతు.

కొట్టాలల్ల గొడ్లు లేసి నిలవడ్డయి. తలుగులు గుంజినయి. మనుషులు లేవలే. గొంగడ్లు నెత్తిమీదికి గుంజుకున్నరు.

తెల్లారి చూస్తే, కొత్తగ పెట్టిన రాళ్లన్ని కింద పడి ఉన్నయి.

మళ్ల పెట్టిండ్రు. మళ్ల పడ్డయి. దొర రజాకార్లను కావలి పెట్టిండు. పిలుపు ఒక దిక్కు నుంచి వస్తే అటు కాల్చిండ్రు... జరసేపటికి అది ఇంకో దిక్కు నుంచి వచ్చింది. తెల్లారకముందే వాళ్లు తుపాకులు సంకల పెట్టుకొని గడిల పడ్డరు. మళ్ల రమ్మంటే రాలే. గోడ పని ఆగింది.

ఊరు సంబురపడాలె గద. పడలే. దుర్గన్నకు దొర మీదనే పగనా, తనను మట్టిల పెట్టినంక తలుపులు పెట్టుకున్నోళ్ల మీద గూడనా... ఎవ్వలకు ఎరుక? అంగడి చెరువుకట్ట కాడికి జరిగింది. గొడ్లను ఎవలింటి ముంగట వాళ్లు కట్టేసుకున్నరు. బతుకమ్మ ఎవల వాకిట్ల వాళ్లు ఆడుకొని ముగించిండ్రు.

గా కాలంలనే ఒక రాత్రి మా తాత దొర పని మీద పెద్దవంగర పోయి వస్తున్నడు. ముసురు వట్టింది. చెలకలల్ల మోకాళ్ల దాక బురద. చుట్టు తిరిగే తొవ్వ లేదు. బయలు దాటుడు తప్పలే.

చెప్పులు చేతుల పట్టుకున్నడు... సప్పుడు కావద్దని. గోడ కాడికి వచ్చిండు. ఏం లేదు. అడుగు పెద్దగ వేసిండు. ఏం లేదు. దూరంగ ఊర్లె ఒక దీపం కనవడ్డది. ఇగ దాటిన అనుకున్నడు —

రాయి మీద రాయి పడ్డ సప్పుడు.

నిలవడ్డడు. గోడ మీద నల్లగ ఒకటి... వంగింది. లేసింది. ఇంకో రాయి దొర్లింది. మనిషంత ఎత్తున్నది. తల లేదు.

ఆగింది. మెల్లగ ఇటు తిరిగింది.

“ఎవలది?”

దుర్గయ్య గొంతు.

తాత అక్కడనే ఎల్లెలుకల పడ్డడు. సోయి వచ్చేటాల్లకు తూర్పు తెల్లవడుతున్నది. చుట్టూ ఎవ్వలూ లేరు. దేక్కుంట, పడుకుంట ఇల్లు చేరిండు. జరం వట్టింది. ఆ జరంల ఒకటే మాట... “దుర్గన్నకు తల లేదు... దుర్గన్నకు తల లేదు...” ఆ మాట ఊరంత తిరిగింది. పట్టపగలు దాటేటోళ్లు గూడ అటు పోవుడు బంద్ చేసిండ్రు.

ఎనుక యూనియన్ మిలిట్రి వచ్చింది. నిజాం దిగిండు. రజాకార్లు ఉరికిండ్రు. దొర గడికి తాళం పెట్టి హైద్రాబాదు చేరిండు. ఇగ బయలుకు అడ్డం వచ్చేటోడు లేడు. పోయి ఆ సగం గోడ పడగొట్టి గొడ్లను తోలితె అయిపాయె.

ఎవ్వలూ పోలే.

ఒక పొద్దుగాల యాదమ్మ మళ్ల ఇంటింటికి తిరిగింది. ఈసారి నోరు తెరిచి పిలిచింది. జనం వచ్చి బయలు అంచున నిలవడ్డరు. ఆమె నడుమ దాక పోయి ఇటు తిరిగింది.

“దెయ్యం లేదు,” అన్నది. “నేనే. పిలిచింది నేనే, రాళ్లు దొబ్బింది నేనే. మీరెవ్వలూ రాకపోతిరి. ఆయన బొందను లోపలేసి గోడ కడుతుంటే చూసుకుంట కూసుందునా? ఆయన గొంగడి నెత్తి, ముఖం కనవడకుండ కొప్పెర పెట్టుకొని వచ్చిన. ఇగ దొర లేడు, భయం లేదు. రాండ్రి. అందరం కలిసి పడగొడుదాం.”

ఎవ్వలూ కదులలే.

“నమ్ముతలేరా? పెండ్లైన కాన్నుంచి ఆయనతోని మందెనుక తిరిగినదాన్ని. ఆయన పిలుపు నాకు రాదా?”

చెయ్యి చెవికాడ పెట్టుకొని పిలిచింది.

“గొడ్లిడువుండ్రో...”

అచ్చం దుర్గయ్య గొంతు.

జనం అంత ఒక్కపారి ఎనుకకు జరిగిండ్రు. ఎవలో గుసగుస పెట్టిండ్రు... “సోకింది. దుర్గన్న ఆమె మీదికొచ్చిండు.”

యాదమ్మకు మొదలు అర్థం కాలే. అర్థమైనంక ఒక్కొక్కల ముఖం చూసుకుంట పోయింది. జనంల మా తాత కనవడ్డడు.

“మల్లేశం, నువ్వన్న చెప్పు తమ్మి. ఆ రాత్రి పడ్డప్పుడు నీ నెత్తి పగిలింది. నా కొంగు చింపి కట్టు కట్టిన. నిన్ను లేపుదామంటే నా బలం సాలలే.”

తాత చెయ్యి దానంతట అదే నెత్తిమీదికి పోయింది. కట్టు ఉండె. మా నాయనమ్మ ఇప్పింది, ఉతికి దండెం మీద ఏసింది. ఎవలు కట్టిండ్రని జరంల ఆయనకు తట్టలే, ఆమె గూడ అడుగలే.

ముంగటికి వచ్చిండు. “నిజమే,” అన్నడు. “దెయ్యమైతే కట్టు కడుతదా? తల లేదని నేనన్నది గొంగడి చూసి. చీకట్ల నాకేం తెలుసు...”

“నీకు గూడ ఆనాడే సోకింది మల్లేశం,” అన్నడు పోశాలు. కోపంగ అనలే. జాలిపడ్డట్టు అన్నడు. “ఊరందరికి ఎరుకే.”

యాదమ్మను ఇంట్ల కూసోబెట్టి మంత్రగాన్ని పిలిచిండ్రు. ఎవలవు నువ్వు అని అడుగుడు, ఏపమండలతోని కొట్టుడు. “యాదమ్మను” అన్నప్పుడల్ల కొట్టిండ్రు. వాతలు దేలినయి. పొద్దు వాలేటాల్లకు ఆమె మెల్లగ అన్నది —

“దుర్గయ్యను. పోతున్న.”

గప్పుడు ఆపిండ్రు.

చలికాలంల దొర వాపసు వచ్చిండు. నెత్తిమీద కాంగ్రెసోళ్ల తెల్లటోపి. ముంగట మిలిట్రి జీపు. మిలిట్రోళ్లు సంఘపోళ్లను అడవులల్ల ఎతుకుతున్నరు. వాళ్లకు మన భాష రాదు, మన దెయ్యం సంగతి తెలువది. దొర గడి ముంగట ఊరిని జమచేసి ఒక్కటే మాట అన్నడట... గోడ మీ మంచికే, అది లోపల పడి ఉంటది, మీరు నిమ్మళంగ పండుకుందురు.

తాత ఉరికిపోయి యాదమ్మ తలుపు తీసిండు. ఆమె గోడకు ఆనుకొని కూసున్నది. దెబ్బల పుండ్లు ఇంక మానలే.

“అక్కా, బయలుకు గోడ లేస్తున్నది,” అన్నడు.

ఆమె లేసింది. తాత భుజం పట్టుకొని నడిచింది. తొవ్వల ఒక్క మాట అడిగింది. “మిలిట్రోళ్లు తుపాకులు పట్టుకొని నిలవడ్డరా?”

తాత ఇంకింత జల్ది నడిపిచ్చిండు.

బయలు అంచుకు వచ్చిండ్రు. మిలిట్రోడు ఒక్కడు లేడు. దొర లేడు. గడి నుంచి వెట్టికి పిలిచినోడు లేడు. ఊరోళ్లే. ఆడోళ్లు మగోళ్లు రాళ్లు మోస్తున్నరు. ముసలోళ్లు గూడ చేతనైనంత చిన్న రాయి ఒకటి పట్టుకొని నడుస్తున్నరు. చీకటి వడకముందే అయిపోవాలని ఉరుకుతున్నరు. ఒక్క సందే మిగిలింది. అది గూడ సగం నిండింది.

దాని మీద పోశాలు ఉన్నడు. యాదమ్మను చూసి చేతుల రాయి పక్కన పెట్టిండు. కిందికి దిగిండు. దగ్గరికి రాలే... దూరం నుంచే నేలకు తల ఆనిచ్చిండు.

“దుర్గన్నా,” అన్నడు ఆమెను. “తప్పైంది. ఇగ మమ్ముల ఇడిసిపెట్టు.”