కంచెలో మొలిచిన రాస్‌బెర్రీ

మొక్కల శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి, గున్నమ్మ తోటలోంచి కోసిన ఆకును చిన్న ముక్క చేసి, ఆకును బట్టి మొక్క వంశం చెప్పే లీఫ్ రీడర్‌లో పెట్టింది. నీలమ్మ తోట ఆకు అప్పటికే అందులో ఉంది. లంబసింగి కొండమీద రాతికంచెకు అటొకరూ ఇటొకరూ నిలబడి తోడికోడళ్ళిద్దరూ యంత్రం వైపే చూస్తున్నారు.

మండువేసవిలోనూ కాసే రాస్‌బెర్రీ అది. ఎవరు పుట్టించారో తేలితే రకం వాళ్ళ పేరున రిజిస్టరవుతుంది. వాళ్ళు ఒప్పుకుంటేగాని నర్సరీలు పెంచకూడదు. నాదంటే నాదని పట్టుబట్టి, ఇద్దరూ మాటలు మానుకుని చాలాకాలమైంది.

నీలమ్మకు లోలోపల బెరుకుగానే ఉంది. తను గింజలు నాటిన మాట నిజమే. ఆ మొలకలన్నీ ఎండకు మాడిపోయాయి. తరవాతి వానలకు కంచె పక్కన ఒకటి లేస్తే, నాటిందే మళ్ళీ చిగురించిందనుకుంది.

"రెండూ ఒకే మొక్క" అంది హైమవతి.

"అంటే నా తోటలోదే అటు పోయింది మేడమ్" అంది గున్నమ్మ.

"ఆగమ్మా. దీని వేరు నేలలో పాకి పిలకలేస్తుంది. పిలక పిలకకూ డీఎన్ఏ రవ్వంత మారుతుంది. ఆ మార్పుల్ని బట్టి ఏది తల్లో, ఏది పిల్లో యంత్రం చెబుతుంది."

పొద పొదకూ వెళ్ళి చూసింది. రెండు తోటల్లోవీ పిల్లలే. తల్లి మోడు కంచె రాళ్ళ మధ్య దొరికింది. సగం అడవిపండు, సగం కాఫీ ఎస్టేటులోని విదేశీ రకం.

"ఏ పిట్టో తిని ఇక్కడ రెట్ట వేసుంటుంది. దీన్నెవరూ నాటలేదు."

"ఇద్దరం కలిసి పెంచామని రాయండి" అంది నీలమ్మ. గున్నమ్మ తలెత్తి ఆమెను చూసింది. కాదనలేదు.

"నా చేతిలో లేదు నీలమ్మా. ఫలితం రాగానే రిజిస్ట్రీకి వెళ్ళిపోతుంది. ఎవరూ దిద్దకుండా యంత్రాన్ని నేనే అలా తయారుచేశాను. దానంతటది మొలిచిన రకానికి హక్కుదారు ఉండరు." హైమవతి యంత్రం మూత వేసింది. "తగాదా ఉన్నచోటే ఈ పరీక్ష. మీరిద్దరూ ముందే ఒక్కమాటమీద ఉంటే నేను వచ్చేదాన్నే కాదు."

మరుసటేడు నర్సీపట్నం నర్సరీలో ఆ మొక్కలు వరసగా కనిపించాయి. చూడ్డానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు.

"కొత్త రకమమ్మా, ఎండకు తట్టుకుంటుంది" అన్నాడు దుకాణదారు. "ఏ ఊరు మీది?"

"లంబసింగి" అంది నీలమ్మ.

అతను కాస్త ఆలోచించాడు. "అక్కడ బతుకుతుందో లేదో మాత్రం చెప్పలేను."

"బతకదేమోలే. పద అక్కా" అంది గున్నమ్మ.