పొదిగే పెట్టె గది

ఉప్పలగుప్తం దాటాక, చేపల చెరువుల మధ్యనున్న ఆ ల్యాబులో చివరి గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక లోపల్నుంచి ఎవరో తలుపు కొడతారనీ, సన్నగా ఏడుస్తారనీ చెప్పుకునేవారు. ఊడ్చే వీరవేణి అయితే పొద్దుగూకాక అటువైపు చీపురు కూడా చూపించేది కాదు.

దుర్గాశ్రీకి దెయ్యాలంటే నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. ఆ రెండూ వేరువేరు సంగతులు.

ఆమె పరిశోధనంతా ఆ గదిలోనే. పిండంలో పెరిగే నరాలకు దారి చూపించే ప్రోటీన్ ఒకటుంది; వైరస్ నుంచి కూడా అదే కాపాడుతుందేమోనని ఆమె ఆశ. కోడిగుడ్లకు ముందు ఆ ప్రోటీనూ, తర్వాత వైరసూ సూదితో ఎక్కించి, బెజ్జాన్ని మైనంతో మూసి, పొదిగే పెట్టెలో పై అరలో పెట్టేది. ఇంతవరకూ ఒక్క పిల్లా బతకలేదు. ఇది ఆఖరి విడత. ఇదీ పోతే పని మూసేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పేశారు. ఏళ్ళ కష్టం గోదాట్లో కలిసినట్టే.

ఆ రాత్రి గాలివానకి కరెంటు పోయింది. జనరేటరు దగ్గింది గానీ లేవలేదు. పెట్టె చల్లారితే గుడ్లు దక్కవు. దుర్గాశ్రీ దుప్పటి చంకన పెట్టుకుని, సెల్‌ఫోన్ వెలుగులో వరండా వెంట నడిచింది... తెలిసిన దేవుళ్ళందర్నీ తలుచుకుందామంటే నలుగురే గుర్తొచ్చారు. వాళ్ళనే తిప్పి తిప్పి పిలిచింది.

తలుపు మీద చెయ్యి వేసింది—

టక్... టక్...

లోపల్నుంచే!

కాసేపటికి సన్నగా ఏడుపు... ఆగి ఆగి... మళ్ళీ.

దుప్పటి జారిపోయింది. వెనక్కి తిరిగి పరుగెత్తబోతే ఎవరినో గుద్దుకుంది.

“నేనేనండీ... వెంకన్ననండీ,” అన్నాడు జనరేటరు దగ్గర్నుంచి వచ్చిన అటెండరు గుసగుసగా.

“లోపల... ఎవరో...”

“ఎవరూ లేరండీ. ఆ దెయ్యాన్ని పుట్టించింది నేనేనండీ.”

వెంకన్న బుర్ర గోక్కున్నాడు. “మా డేగపుంజు జాతి గుడ్లండీ. పెట్ట కిందకన్నా మీ పెట్టెలో వేడి నిలకడండీ. అందుకని కింద అరలో వెనగ్గా, మీ కంటపడకుండా సర్దేనండీ. ఎవరూ రాకుండా ఆ మాట పుట్టించేనండీ. ఇన్నాళ్ళూ టకటకలాడిందీ, ఏడ్చిందీ ఆ పిల్లలేనండీ.”

భయం పోయి దుర్గాశ్రీకి ఒళ్ళు మండింది. “వైరస్ ఎక్కించిన గుడ్ల కింద తినేవి పెడతారా వెంకన్నగారూ?”

“తినేవి కాదండీ... పందేనివండీ,” అన్నాడు చిన్నబుచ్చుకుని.

టక్... టక్...

“ముందు మీ పిల్లల్ని తీసుకుపోండి!”

వెంకన్న తలుపు దగ్గరికి పోలేదు. తలుపుకేసి చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నావి... మొన్ననే పట్టుకుపోయేనండీ. కింద అర ఖాళీయండీ.”



ఆఖరికి దుర్గాశ్రీయే తలుపు నెట్టింది. పెట్టె అద్దం మీద వెలుగు వేసింది. పై అరలో పసుపుపచ్చని పిల్ల ఒకటి అద్దాన్ని ముక్కుతో పొడుస్తోంది. దాని వెనకాల పగిలిన పెంకు... పెంకు మీద మైనం మరక.

నరాలు దారి తప్పి ఉంటే పిల్ల కాళ్ళ మీద నిలబడగలిగేది కాదు. ఇది నిలబడింది. వెలుగు చూసి తడబడకుండా ఆమె వైపు నడిచింది కూడా.

దుర్గాశ్రీ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వెంకన్న జారిన దుప్పటి తెచ్చి పెట్టె మీద కప్పాడు.

“బతికింది కదండీ... ఏడుస్తారేంటండీ?”

“అందుకే,” అంది.