బెల్లం పట్టిన ట్రిగ్గర్

"రైఫిల్ పేలొద్దు. వాళ్లకు అనుమానం రావొద్దు. షూటర్ రెడ్‌హ్యాండెడ్‌గా దొరకాలె. సమజైందా?"

హనుమకొండలో ఒక బట్టల దుకాణం వెనుక గదిలో చీఫ్ కిషన్ రావు చెప్పింది అంతే. సమజైంది సరే, ఎట్లా? అది చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాదని ఏజెంట్ మల్లికార్జున్ పళ్లు నూరుకున్నాడు.

కేసు చిన్నదేం కాదు. రాకెట్ సైంటిస్ట్ వెంకట్రాజం మొక్కు తీర్చుకోవడానికి మేడారం జాతరకు వస్తున్నాడు. అక్కడే ఆయన్ని లేపేయాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. ఆయుధం మామూలు వేట రైఫిల్. దాని ఫ్యాక్టరీ ట్రిగ్గర్ మహా మొండిది. బలంగా లాగాలి, లాగితే గురి చెదురుతుంది. అందుకే వరంగల్‌లో తుపాకులు బాగుచేసేవాడి దగ్గర దాన్ని పీకించి, వేలు ఆనిస్తే చాలు పేలే విదేశీ ట్రిగ్గర్ బిగించుకున్నారు. ఈ కబురు పంపింది ముఠాలో ఉన్న డబుల్ ఏజెంట్ రాజేశ్వరి. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, గుప్పుమనే సెంటు. ఆమె నిజంగా ఎవరి మనిషో ఆ పైవాడికే తెలియాలి.

ములుగు దాటాక బస్సు కదిలితే ఒట్టు. ముందూ వెనకా ఎడ్లబండ్లు, జీపులు, దుమ్ము. ఢిల్లీ ఇచ్చిన వైర్‌లెస్ కీచుమనడం తప్ప ఒక్క ముక్క పలకలేదు. తలపాగా, గొంగడితో రైతు వేషంలో ఉక్కిరిబిక్కిరవుతూ మల్లికార్జున్ దిగి నడిచాడు. ఖర్మ, ఈ ఉద్యోగంలో చేరమని ఎవరు ఏడ్చారు?

జాతర అంచున ముఠా జీపు దొరికింది. నిండా బెల్లం. అక్కడ దాన్ని బంగారమంటారు, మనిషెత్తు తూచి వనదేవతలకు ఇస్తారు. ఆ బంగారాన్ని పోలీసులు తడమరని రాజేశ్వరే ముఠాకు నూరిపోసి, రైఫిల్‌ను దాని కింద పెట్టించింది. తూటాలు మాత్రం షూటర్ నడుముకే ఉన్నాయి.

"జల్ది కానియ్. చాయ్ తాగేదాంక వాన్ని ఆపుత," అని గొణిగి ఆమె వెళ్లిపోయింది.

ట్రిగ్గర్ మర ఊడదీయడానికి డిపార్ట్‌మెంట్ ఒక స్పెషల్ పెన్ను ఇచ్చింది. మూత తీస్తే స్క్రూడ్రైవర్. తీశాడు. దాని మొన లావు, మర గాడి సన్నం. తిప్పాడు, నొక్కాడు, చివరికి పెన్నే విరిగింది. మల్లికార్జున్ తిట్టని తిట్టు లేదు. అవతల సెంటు వాసన దగ్గరవుతోంది. ఒక మనిషి ప్రాణం ఈ దిక్కుమాలిన పెన్ను మీద పెట్టారే అని ఏడుపొచ్చింది. విసురుగా చెయ్యి తీయబోతే రాలేదు. ఎండకు కరిగిన బెల్లం అరచేతికి అంటుకుపోయింది.

అప్పుడు వెలిగింది. పిడికెడు బెల్లం చిదిపి, సీసాలో నీళ్లతో కలిపి, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న సన్నని సందుల్లోకి కూరాడు. ఆరితే బంకలా పట్టేస్తుంది. పైపైన గుడ్డతో తుడిచి రైఫిల్‌ను యథాస్థానంలో పెట్టేశాడు.

తక్కెడలో వెంకట్రాజం కూర్చున్నాడు. జీపు టార్పాలిన్ కింద షూటర్ గురి చూసి ట్రిగ్గర్ మీద వేలు ఆనించాడు. కదల్లేదు. నొక్కాడు. కదల్లేదు. పాత మొండి ట్రిగ్గరే అయితే ఆ బలానికి పేలేదేమో! మూడోసారి నొక్కేలోపు మల్లికార్జున్ వాడి మెడ వంచాడు.

సంకెళ్లు పడ్డాక వైర్‌లెస్ పలికింది: పెన్ను జాగ్రత్తగా తెచ్చి అప్పగించాలట.

రాజేశ్వరి కళ్లద్దాలు తీసింది. "అమ్మల బంగారం ముట్టినవు సారూ. తిరిగియ్యకుండ పోతవా?"

మల్లికార్జున్ బెల్లం ముద్ద కొని వనదేవతలు కొలువైన గద్దెల వైపు నడిచాడు. లైను కనుచూపు మేర ఉంది. ఐడీ కార్డు తీసి చూపిస్తే వాలంటీరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లైను చిట్టచివరి వైపు వేలు చూపించాడు.