అమ్మ మెచ్చిన స్టెల్లా

మార్చి నెలలో బాపట్లలో సాయంత్రమయ్యేసరికి గాలి స్తంభించిపోతుంది. మా రేకుల గదిలో ఫ్యాను తిరిగినా చెమట ఆరదు. ఆ గదిలో నేను, నా కెమిస్ట్రీ పుస్తకం, ఎదురుగా చెంబుకి ఆనించిన ఫోను. ఆ ఫోనులో మా అమ్మ.

అమ్మ పేరు ప్రేమకుమారి. వేటపాలెంలో జీడిపిక్కలు కొడుతుంది. నాన్న పోయాక ఇల్లు ఆ పని మీదే నడుస్తోంది. ఇంటర్ మొదటి ఏడు నేను రెండు సబ్జెక్టులు తప్పాను. అప్పటి నుంచి అమ్మ నన్ను నమ్మడం మానేసింది. మధ్యాహ్నం షిఫ్టు ఎక్కగానే వీడియో కాల్ చేసి, ఫోను కిటికీలో నిలబెట్టి, తల ఎత్తినప్పుడల్లా నన్ను చూస్తుంది. జీడి నూనె చేతులతో ఫోను ముట్టుకోదు కాబట్టి షిఫ్టు దిగేదాకా కాల్ కట్ కాదు. దేవుడు అన్నీ చూస్తాడని చర్చిలో పాస్టరుగారు అంటే నాకు భయం వేయదు. మా అమ్మ ముందు దేవుడే ఎంతో నయం.

నాకు కావలసింది పెద్దదేం కాదు. బాగా చదువుతున్నావే అని అమ్మ నోటివెంట ఒక్క మాట.

ఒక సోమవారం ఒళ్లు మండింది. అమ్మ వంచిన తల ఎత్తకముందే కుర్చీలో దిండు నిలబెట్టి, దానికి నా నైటీ తొడిగి, నల్ల చున్నీ జుట్టులా కప్పి, పుస్తకం మీదికి వంచాను. పొలంలో దిష్టిబొమ్మ అంతకంటే అందంగా ఉంటుంది. అయినా అమ్మది పగిలిన స్క్రీను, ఏం తెలుస్తుంది? వీధి చివర నా స్నేహితురాలు నవ్యతో పునుగులు తిని, పడీ పడీ నవ్వి, చీకటి పడ్డాక వచ్చాను.

అమ్మ వస్తూనే నా తల నిమిరింది.

"దేవునికి స్తోత్రం! ఇవాళ ఎంత కుదురుగా చదివావే! గట్టిగా చదువుతుంటే నా పక్కన పని చేసే బసవమ్మత్త కూడా విన్నది."

పక్కింటి టీవీ గోల విని ఉంటుందిలే అనుకున్నాను. ఇన్నాళ్లకి ఒక మంచి మాట వచ్చింది. అదీ దిండుకి. ఆ రాత్రి ఏడ్చాను.

మర్నాడు నేనే కూర్చున్నాను. గొంతు పోయేలా చదివాను. అమ్మ ముఖం మాడ్చుకుని వచ్చింది.

"ఏంటే ఆ చదువు? నిన్నటి పిల్లవేనా నువ్వు?"

బుధవారం కసితో మళ్లీ దిండు నిలబెట్టాను. ఆవిడకి కావలసింది అదేగా! కానీ వీధి చివరిదాకా వెళ్లలేకపోయాను. బసవమ్మత్త విన్న ఆ చదువు గుర్తొచ్చింది. సగం దారిలో వెనక్కి తిరిగాను.

దీపాలు పెట్టే వేళ. మా గదిలో లైటు వెలగలేదు. వరండాలో తడి బట్టల ముక్కిపోయిన వాసన. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల ఎవరో చదువుతున్నారు. మెల్లగా... తడబడకుండా... నా గొంతుతో.

ఫోను వెలుతురు ఒక్కటే. కుర్చీ వీపు నా వైపు ఉంది. చున్నీ కింద భుజాలు లేస్తున్నాయి... పడుతున్నాయి.

పేజీ తిరిగింది.

ఫోనులో అమ్మ తల ఎత్తింది. గొంతు తగ్గించింది.

"స్టెల్లా... నీ వెనక గుమ్మంలో ఎవరే?"

"అమ్మా, నేనే!" అని అరిచాను. అమ్మ సూటిగా నన్నే చూసింది. కళ్లలో భయం తప్ప ఏమీ లేదు.

కుర్చీలోది వెనక్కి తిరగలేదు. "ఎవరో పిచ్చి పిల్లమ్మా" అంది.

"తలుపేసుకో తల్లీ. నేను వచ్చేదాకా తియ్యకు."

"అలాగేనమ్మా."

అమ్మతో నేనెప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడలేదు.

అది లేవలేదు. కుర్చీ కదలలేదు. తలుపు మాత్రం నా ముఖం మీదే మూసుకుంది. లోపల గడియ పడింది. మళ్లీ చదువు మొదలైంది.

షిఫ్టు దిగి అమ్మ వచ్చింది. మెట్టు మీద ఉన్న నన్ను చూసి ఆగింది. ఈసారి భయపడలేదు. జాలిపడింది.

"ఎవరి పిల్లవమ్మా? ఇంట్లో తిట్టారా? అన్నం తిన్నావా?"

నేను పరీక్ష తప్పాక అమ్మ నన్ను ఆ మాట అడగనే లేదు. జవాబు చెప్పబోతే గొంతు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు.

తలుపు తెరుచుకుంది. ఒక చెయ్యి బయటికి వచ్చి అమ్మ సంచి అందుకుంది. ఆ మణికట్టు మీద నా పుట్టుమచ్చ ఉంది.

వీధి దీపం కిందికి వెళ్లి నా చెయ్యి చూసుకున్నాను. నా మణికట్టు మీద ఏమీ లేదు.