దండ తీసిన పటం

పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్రమాస పొద్దున పుట్టింటి గడపలో చెప్పులు విప్పిన ఊర్మిల, ఎప్పటిలాగే మొదట గోడ వైపు చూసింది. గోడకు మేకు ఉంది. మేకు కింద, ఇన్నేళ్లూ పటం ఉన్నంత మేర సున్నం తెల్లగా కనిపిస్తోంది. పటం మాత్రం లేదు!

"చిన్నమ్మా, మా అమ్మ ఏది?"

బియ్యం చెరుగుతున్న సత్యవ్వ చేతులు ఆగిపోయాయి. అద్దం పగిలిందనీ, బాగు చేయించడానికి ఇచ్చామనీ చెప్పింది. అబద్ధం ఆడటం చేతకాని మనిషి... చెబుతూ చెబుతూనే రెండుసార్లు బియ్యం డబ్బా వైపు చూసింది. ఊర్మిల నేరుగా వెళ్లి మూత తీసింది. బియ్యంలో మెడదాకా కూరుకుపోయి, బంతిపూల దండతో, నుదుట కుంకుమతో పటంలోని అమ్మ ఆమెనే చూస్తోంది.

బస్సులన్నీ సమ్మెలో ఉంటే కోరుట్ల అత్తగారింటి నుంచి సిరిసిల్లకు ఆటోలు మారి వచ్చింది ఊర్మిల. వచ్చింది ఆ పటం కోసమే, నిన్ననే ఫోన్ చేసి చెప్పింది కూడా. వాళ్ల సొంత ఊరు కథలాపూర్ దగ్గరి మత్తడిపల్లె. ఆ ఊరి చెరువుగట్టు కింద ఇవాళ వంటావార్పు. తెలంగాణ కావాలని ఊరంతా రోడ్డెక్కి అక్కడే వండుకుని అక్కడే తింటారు. కోరుట్లలో స్టూడియో నడిపే షోయబ్, వాళ్ల తాత పాషా తీసిన ఆ ఊరి పాత ఫోటోలన్నీ పెద్దవి చేయించి, అక్కడ తాళ్లకు వేలాడదీస్తున్నాడు. మీ ఇళ్లలో ఉన్నవి కూడా తెమ్మన్నాడు. ఊర్మిలకు ఇంకేం కావాలి! తనను కన్న మల్లవ్వ ఆ చెరువు నీళ్లు తాగి పెరిగింది కదా, ఆమె ముఖం ఊరివాళ్లు ఒక్కసారైనా చూడొద్దా?

"ఒక్క దినం అడిగిన. పటంల ఉన్న మనిషి మీద గూడ గింత కుళ్లా చిన్నమ్మా? సచ్చిపోయినామె నీకేం అడ్డమొచ్చింది?"

సత్యవ్వ మళ్లీ చేట అందుకుంది. ఏమని చెబుతుంది తల్లీ! ఆ పటంలో ఉన్నది మల్లవ్వ కాదు. సత్యవ్వే.

పందొమ్మిది వందల డెబ్బైలో నాలుగు రోజుల జ్వరానికి అక్క మల్లవ్వ పోయింది. అడుగులు వేయడం నేర్చిన పిల్ల ప్రతి అర్రలోకీ వెళ్లి తల్లిని వెతికేది. చూపించడానికి ఒక్క ఫోటో లేదు. మల్లవ్వ తల్లి నాగవ్వ ఏడ్చుకుంటూ కోరుట్ల వెళ్లి పాషాను అడిగింది... ఏటా బతుకమ్మకు సైకిల్ మీద వచ్చి ఊరందరి ఫోటోలు దింపుతావు కదా, మా మల్లవ్వది ఒక్కటి లేదా అని. ఒకటి ఉండేదిగానీ చెడిపోయిందన్నాడాయన. దండ వేసే పటంలో ముఖం నిండుగా ఉండాలి, కళ్లు మన వైపే చూడాలి, లేకుంటే దండం ఎవరికి పెట్టినట్టు? అదీ అప్పటి పద్ధతి. పోయినవాళ్ల ఫోటో లేనప్పుడు పోలిక ఉన్న తోబుట్టువును కూర్చోబెట్టి దింపడం ఆయనకు కొత్తేమీ కాదు. పదిహేడేళ్ల సత్యవ్వ అక్క చీర కట్టుకుని, అక్క గుండ్లపేరు మెడలో వేసుకుని కుర్చీలో కూర్చుంది. బతికున్న మనిషి పటానికి దండ వేస్తే ఆయుష్షు తరుగుతుందని నాగవ్వ వణికిపోయింది. నా ఆయుష్షు సంగతి దేవుడు చూసుకుంటాడు, పిల్లకు తల్లి ఉండాలి కదా అంది సత్యవ్వ.

మరుసటి ఏడు బావ కనకయ్యనే పెళ్లి చేసుకుని, పిల్లను చంకనేసుకుని, అతని మరమగ్గాల సాంచల పని వెంట సిరిసిల్ల వచ్చేసింది. తన కడుపున ఎవరూ పుట్టలేదు. పుట్టలేదని ఏడ్చిందీ లేదు. నలభై ఏళ్లుగా శుక్రవారం శుక్రవారం తన పటం తానే తుడిచి, తన నుదుటికి తానే కుంకుమ పెట్టి, తన మెడలో తానే దండ వేసింది! పెరిగే వయసులో ఊర్మిలకు కోపం వచ్చినప్పుడల్లా ఆ పటం వైపు వేలు చూపి, "నువ్వు మా అమ్మవు గాదు, అగో మా అమ్మ" అనేది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో సత్యవ్వకు ఏనాడూ తెలియలేదు.

పటం మత్తడిపల్లె చేరితే అక్కడి ముసలమ్మలు ఊరుకుంటారా? చూసిన మొదటి మనిషే గుర్తుపడుతుంది. ఇంత వయసొచ్చాక పిల్లకు ఆ ఉన్న తల్లి కాస్తా లేకుండా పోతుంది. అదీ సత్యవ్వ భయం... అందుకే పటం బియ్యంలోకి వెళ్లింది.

ఊర్మిల పటాన్ని తువ్వాలలో చుట్టి ఆటో ఎక్కింది. ఆమె వెనకే సత్యవ్వా, కనకయ్యా ఎక్కారు. దారి పొడవునా కనకయ్య బీడీ నోట్లో పెట్టుకుని వెలిగించడమే మరిచిపోయాడు.

మత్తడిపల్లెలో మాత్రం పెళ్లి సందడి! రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, బగారన్నం వాసన. ఒక పక్క డప్పులు, ఇంకో పక్క సాయంత్రానికి బతుకమ్మ పేర్చేందుకు తెచ్చిన తంగేడు, గునుగు పూల కుప్పలు. కరెంటు స్తంభాల మధ్య తాళ్లకు ఫోటోలు ఊగుతున్నాయి. చెరువు ఎండిన ఏడాది చేపలు పంచుకుంటున్న జనం, వాకిట్లో మగ్గానికి నూలు ఆసు పోస్తున్న ఆడవాళ్లు, మొహర్రంలో పీరీల ముందు దూల ఆట ఆడుతున్న పిల్లలు, అరవై తొమ్మిదిలో ఇదే తెలంగాణ కోసం ఇదే గట్టు మీద నడిచిన ఊరేగింపు. బట్టతల ఎల్లేశం తన నల్లటి జుట్టునే పోల్చుకోలేక, ఈ సోకులోడు ఎవడని అడిగితే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కండువా కప్పుకున్న నడివయసు పెద్దమనిషి ఒకాయన, మొలతాడు తప్ప ఇంకేమీ లేని తన ఫోటోను చేత్తో మూస్తూ తిరుగుతున్నాడు.

ఆ నవ్వుల మధ్య నుంచి సత్యవ్వ గబగబా నడిచి, ఉల్లిగడ్డలు కోస్తున్న సర్వర్ బీని వెతికి పట్టుకుంది. పాషా భార్య ఆమె, డెబ్బై అయిదు దాటిన మనిషి. ఆనాడు స్టూడియోలో సత్యవ్వకు జడ వేసి, కొంగుకు తన పిన్నీసే పెట్టింది. సత్యవ్వ పక్కన కూర్చుని చెవిలో అంతా చెప్పుకుంది. మా పిల్ల పటం తెస్తుంది, నువ్వు మాత్రం ఏమీ అనకు అక్కా అని బతిమాలింది. నాకెందుకు చెల్లె, నేనెందుకు చెప్తానని సర్వర్ బీ మాట ఇచ్చింది.

అంతలోనే ఊర్మిల వచ్చింది, తువ్వాల విప్పింది. సర్వర్ బీ కళ్లద్దాలు పైకి జరుపుకుని పటాన్ని చూసింది, దండను చూసింది, పక్కనే ఉల్లిగడ్డ పట్టుకుని కూర్చున్న సత్యవ్వను చూసింది. మాట ఇచ్చింది నిజమే. కానీ దండ ఉంటుందని ఎవరూ చెప్పలేదుగా! ఆమె లేచి ఒక్క గుంజుతో ఆ దండ తీసేసింది.

"మాట తప్పుతున్న చెల్లె, అల్లా మాఫ్ చెయ్యాలె. బతికున్న మనిషికి దండేంది బిడ్డా? గీ పిన్నీసు నాది. గీ కుర్చీల కూసున్నది మీ చిన్నమ్మ. నువ్వు అమ్మా అమ్మా అని ఏడుస్తుంటే, సూపియ్యడానికి తన మొఖం ఇచ్చింది."

ఊర్మిల పటాన్నీ, సత్యవ్వనూ మార్చి మార్చి చూసింది. నలభై ఏళ్ల ముడతలు ఒక్కొక్కటే పక్కకు జరిపి చూస్తే... అవే కళ్లు, ఎడమ కనుబొమ్మ మీద అదే చిన్న గాటు! తను రోజూ చూసే మనిషే, ఒక్కరోజూ చూడలేదు. తండ్రి వైపు తిరిగింది. కనకయ్య నేల చూపులు చూస్తూ తల ఊపాడు.

"దాని పటానికి నువ్వు దండం పెడుతుంటే, అది తలుపు సాటుకు నిలవడి సూసేది బిడ్డా. సూసి మురిసేది. ఒక్కనాడు గూడ చెప్పనియ్యలే నన్ను."

సత్యవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీకు తల్లి ముఖం లేకుండా చేసినదాన్ని నేనే, నన్ను తిట్టు అని ఏడ్చింది. ఉల్లిగడ్డ వల్ల కూడా కొంత ఏడుస్తోందనుకోండి, కానీ ఎక్కువ అది కాదు.

అప్పుడు షోయబ్ ఒక అట్టపెట్టె తెచ్చాడు. తాత చెడిపోయాయని పక్కన పెట్టినవన్నీ అందులో ఉన్నాయి. ఏ ఒక్కటీ పారేయని మనిషి కదా పాషా, కవరు మీద ఊరి పేరు, పండుగ పేరు రాసి దాచాడు. అరవై తొమ్మిది సద్దుల బతుకమ్మ అని రాసి ఉన్న కవరులోని దాన్ని షోయబ్ నిన్ననే పెద్దది చేయించాడు. చెరువుగట్టు. ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్క చంకలోని పిల్ల చెల్లెలి మీదికి దూకుతోంది. దూకుతున్న పిల్ల చేతులు పొగలాగా చెదిరిపోయాయి. అక్క కెమెరా వైపు చూడలేదు, పిల్లనూ చెల్లెలినీ చూసి పగలబడి నవ్వుతోంది. దండం పెట్టుకోవడానికి పనికిరాదని పాషా పక్కన పెట్టిన ఫోటో అదే.

సత్యవ్వ వేలితో చూపించింది. "గామె మీ అమ్మ. నవ్వితే గట్లనే నవ్వేది."

ఊర్మిల ఆ నవ్వును ఎంతసేపు చూసిందో! కళ్లు తుడుచుకోవడం, మళ్లీ చూడటం. అమ్మ నవ్వు ఇన్నేళ్లకు దొరికింది. తను అమ్మ చంక దిగి ఎవరి చేతుల్లోకి దూకుతోందో కూడా కనిపించింది. నెమ్మదిగా వేలితో పటం అద్దం మీది కుంకుమ తీసి, అదే వేలితో సత్యవ్వ నుదుట దిద్దింది.

"కుళ్లు అన్న కదా పొద్దుగాల... గా మాట చెరువుల కలవనీ అమ్మా."

అమ్మా! సత్యవ్వకు ఆ మాట ఎలా అందుకోవాలో తెలియలేదు. నలభై ఏళ్లు పక్కింటి పిల్లల నోట విన్న మాట. ఊర్మిల పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి, ఆకులో బగారన్నం పెట్టి తెచ్చింది.

సాయంత్రం ఆ బంతిపూల దండ తెంపి పూలన్నీ బతుకమ్మలో పేర్చారు. తన దండ తానే పేర్చుకుంటున్నానని సత్యవ్వ అంటే సర్వర్ బీ ఆమె వీపు మీద ఒక్కటి వేసింది. షోయబ్ తల్లీబిడ్డలను చెరువుగట్టు మీద నిలబెట్టి, ఇటు చూడండి, ఇటు చూడండి అని ఎంత మొత్తుకున్నా ఊర్మిల కెమెరా వైపు చూడలేదు. అమ్మనే చూస్తూ నవ్వింది. తాత అయితే చెడిపోయిందని పక్కన పెట్టేవాడు. షోయబ్ మాత్రం అలాగే తీశాడు.