గంటవారి ఆడపిల్లలు

అవని, నిశాంత్ మొదటిసారి కలుసుకున్నది ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో, కెథీడ్రల్ ఎదురుగా ఉన్న చౌకులో, ఒక బెంచీ దగ్గర తగువుతో. వాళ్ళ అమ్మలకు తెలిసినంత వరకు అంతే. నిజానికి అప్పటికే వాళ్ళ ప్రేమకు రెండేళ్ళు దాటింది. ఆ తగువును ముందు రోజంతా ఫోన్‌లో రిహార్సల్ చేసుకున్నారు.

ఐడియా అవనిది.

"మా మమ్మీ ఎవరో చూపించిన సంబంధం ఒప్పుకోదు. నేను చూపిస్తే అస్సలు ఒప్పుకోదు. చీరల షాప్‌లో కూడా అంతే. సేల్స్ గర్ల్ తీసింది వద్దు, కుప్పలోంచి తనే లాగాలి. సో, నిన్ను కూడా తనే లాగాలి."

"అంటే నేను కుప్పలో చీరనా?"

"సేల్‌లో పెట్టిన చీర."

నిశాంత్ ఎమ్మెస్‌కి వచ్చి, అల్ఫారెట్టాలో ఉద్యోగం చూసుకుని అక్కడే ఉండిపోయినవాడు. అవని ఆ ఊళ్ళోనే పుట్టింది. నిశాంత్ వాళ్ళమ్మ వసంతలక్ష్మి కొడుకుని చూడటానికి వచ్చింది, వచ్చే వారం తిరుగు ప్రయాణం. ఇక అవని వాళ్ళమ్మ నళిని శాన్ రామన్‌లో ఎవరో కుర్రాడి తల్లితో రోజూ ఫోన్‌లో మాట్లాడుతోంది. ఈ వీకెండ్ దాటితే చేతులు కాలినట్టే.

కులం, గోత్రం, ఇంటిపేరు అన్నీ ఇద్దరూ ముందే చూసుకున్నారు. ఏ అమ్మా ఏ వంకా పెట్టడానికి వీల్లేదని ధైర్యం. అమ్మల అమ్మమ్మల దాకా వెళ్ళాలని మాత్రం తోచలేదు. ఎవరికి తోస్తుంది?

సెయింట్ ఆగస్టీన్ స్పానిష్ వాళ్ళు చుట్టూ గోడ కట్టుకుని కాపురమున్న ఊరు. గోడ చాలావరకు పోయింది. గవ్వలూ చిప్పలూ కలిసి గట్టిపడ్డ రాయితో కట్టిన రెండు గుమ్మం స్తంభాలు మిగిలాయి. ఆ గుమ్మంలోంచి లోపలికొస్తే, ఐస్‌క్రీమ్ షాపులు దాటాక, ఓక్ చెట్ల నీడలో చౌకు. రెండు కుటుంబాలూ వేరువేరు కార్లలో వచ్చి, ఏమీ ఎరగనట్టు అక్కడికే చేరాయి.

అవని బెంచీ మీద ఈ చివర బ్యాగ్, ఆ చివర వాటర్ బాటిల్ పెట్టుకుని కూర్చుంది. నిశాంత్ వాళ్ళమ్మతో వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఈ అమ్మాయి బెంచీ మొత్తం రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టుంది. పద, వేరే చోట చూద్దాం," అన్నాడు, పక్క వీధికి వినపడేలా.

"ఎక్స్‌క్యూజ్ మీ? నాకు తెలుగు వచ్చు!"

"వస్తే బ్యాగ్ తియ్యొచ్చుగా?"

"ప్లీజ్ అంటే తీస్తా."

నళిని వెనక్కి తిరిగింది. మామూలుగా టూరిస్ట్ ప్లేస్‌లో ఇంకో తెలుగు కుటుంబం కనిపిస్తే మనవాళ్ళు మొహం తిప్పుకుని చెట్టునో పిట్టనో చూస్తారు. కూతురు తగువులో ఉంది కాబట్టి నళినికి ఆ అవకాశం లేకపోయింది.

"అయ్యో, సారీ అండీ. మా అమ్మాయికి కొంచెం దూకుడు. కూర్చోండి. మీరు తెలుగువాళ్ళా?"

"మావాడిదే తప్పు లెండి. నోరెక్కువ," అంది వసంతలక్ష్మి.

అరగంటకల్లా నళిని తెచ్చిన పులిహోర వసంతలక్ష్మి చేతిలో ఉంది. అవని నాన్న శ్యామ్‌సుందర్ నిశాంత్‌ని జాబ్ గురించీ, హెచ్ వన్ గురించీ అడిగి తృప్తి పడి, కెథీడ్రల్ ఫొటోలు తీసుకోవడానికి లేచాడు. బెంచీ వెనక అవని వేళ్ళు నిశాంత్ వేళ్ళని వెతుక్కున్నాయి.

"లాగుతోంది, లాగుతోంది," అని గొణిగింది.

నిజంగానే లాగుతోంది. నళిని గొంతు సవరించుకుంది. "అన్నట్టు, మీ అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా?"

అవని ఊపిరి బిగబట్టింది.

"చూస్తున్నామండీ. మంచి పిల్ల దొరికితే..." అని వసంతలక్ష్మి అవని వైపే చూసి నవ్వింది.

సరిగ్గా అప్పుడే కెథీడ్రల్ గంటలు మోగడం మొదలుపెట్టాయి. మిట్టమధ్యాహ్నం. చెట్ల మీది పావురాలు లేచాయి. ఆ మోత ఆగేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ కాసేపు ఏ ఫైర్ ఇంజనో అరుచుకుంటూ పోయి ఉంటే, ఈ కథకి వేరే ముగింపు ఉండేది.

"గంట వింటే మా అమ్మమ్మ గుర్తొస్తుంది," అంది వసంతలక్ష్మి. "వాళ్ళ నాన్నది విజయనగరం కోట గుమ్మంలో గంట కొట్టే కొలువు. ఊళ్ళో ఎవరూ ఇంటిపేరుతో పిలిచేవారు కాదట. గంటవారు అనేవారు."

నళిని చెయ్యి పులిహోర డబ్బా మీద ఆగిపోయింది.

"గంటవారా? కోట గుమ్మంలో?"

"అవునండీ. ఏం?"

"మా అమ్మమ్మ గంటవారి ఆడపిల్లే! తులశమ్మ అని."

"బరంపురం ఇచ్చిన తులశమ్మా? మా అమ్మమ్మ సుభద్రమ్మకి సొంత చెల్లెలు కదా! పెళ్ళయి వెళ్ళాక ఏమైపోయిందో తెలీదని చచ్చేదాకా తలుచుకునేది."

ఇద్దరూ లేచి నిలబడ్డారు. డబ్బా కింద పడింది. నళిని ఆవిడని గట్టిగా వాటేసుకుని "అక్కా!" అని బావురుమంది. హార్స్ క్యారేజ్‌లో పోతున్న ముసలి జంట కూడా తలలు తిప్పి చూసింది.

అవనికి సంతోషం పట్టలేదు. సంబంధం అడగబోతే చుట్టరికమే బయటపడింది, ఇక అడ్డేముంది? మెరిసిపోతున్న కళ్ళతో నిశాంత్ వైపు చూసింది. నిశాంత్ మొహంలో నెత్తురు లేదు.

"అవనీ!" నళిని కళ్ళు తుడుచుకుంటూ పిలిచింది. "నీకు అన్నయ్య దొరికాడే!"

చినుకులు పడ్డాయి. ఫ్లోరిడా వాన, చెప్పాపెట్టకుండా వస్తుంది. అక్కచెల్లెళ్ళు ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా చౌకు చివర పాత బజారు పాకలోకి పరుగెత్తారు. అవని నిశాంత్ చొక్కా పట్టుకుని కెథీడ్రల్‌లోకి లాక్కెళ్ళింది.

లోపల చల్లగా ఉంది. వెనక వరసలో కూర్చున్నారు. పైకప్పు దూలాల మీద రంగుల ముగ్గులేవో ఉన్నాయి గానీ ఇద్దరూ తల ఎత్తలేదు.

"ఏమైంది నీకు? రిలేటివ్స్ అంటే గుడ్ కదా?"

"ఎలాంటి రిలేటివ్స్ అన్నది ఉంటుంది, అవనీ. అక్కచెల్లెళ్ళ పిల్లలు అక్కచెల్లెళ్ళే. మా అమ్మ మీ అమ్మకి అక్క. మీ అమ్మ నాకు పిన్ని. పిన్ని కూతురంటే చెల్లెలు."

"అంత దూరంనించా? ఆగు." ఫోన్‌లో చూసింది. "థర్డ్ కజిన్స్. చూడు, లీగల్. నిశాంత్, నాకు ఫస్ట్ కజిన్స్ పేర్లే సరిగ్గా తెలీవు!"

"లీగల్ సంగతి కాదు. వరస కుదరదు. మీ అమ్మ బదులు మీ నాన్న ఆ తులశమ్మ మనవడై ఉంటే నువ్వు నాకు మరదలివి. ఈపాటికి తాంబూలాలు పుచ్చుకునేవాళ్ళు."

"అదే దూరం, అదే డీఎన్‌ఏ! ఎవరు రాశారు ఈ రూల్?"

"తెలీదు."

"నువ్వు నమ్ముతావా?"

నిశాంత్ చేతులు చూసుకున్నాడు. "నమ్మడమో కాదో తెలీదు. ఇందాక ఆంటీ నన్ను నీకు అన్నయ్య అన్నాక, నిన్ను చూడటానికి భయమేసింది."

ఆ మాటకి అవని చెంపదెబ్బ తిన్నట్టయింది. వాన చప్పుడు పెద్దదైంది. ఆ అమ్మాయి ఏడుస్తుంటే, రెండేళ్ళుగా ఎన్నోసార్లు తుడిచిన ఆ కళ్ళు తుడవడానికి నిశాంత్‌కి చెయ్యి లేవలేదు.

"హాఫ్ అవర్ బ్యాక్ నా చెయ్యి పట్టుకున్నావ్."

"అందుకే భయమేసింది."

"నేను అదే అవని. ఏం మారలేదు నాలో. ఒక్క బెల్ కొట్టింది, అంతే!" ముక్కు తుడుచుకుంది. "వెళ్ళి చెప్దాం. ఇప్పుడే. నువ్వే చెప్పు. నేను చెప్తే అమెరికాలో పుట్టిన పిల్ల, ఏం తెలీదు అంటారు. నువ్వు చెప్తే వింటారు. చెప్తావా?"

"చెప్తాను."

"ప్రామిస్?"

"ప్రామిస్." అన్నప్పుడు నిజంగానే అన్నాడు. లేచేటప్పుడు అవని మొహంలోకి చూశాడు కూడా. ఈ అమ్మాయి లేకపోతే తనకి అల్ఫారెట్టా లేదు, ఉద్యోగం లేదు, ఏదీ లేదు అనిపించింది. అదీ నిజమే.

బయట వాన సన్నబడింది. పాకలో నళిని వసంతలక్ష్మి భుజం మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. వాళ్ళమ్మని అంత చిన్నపిల్లలా అవని ఎప్పుడూ చూడలేదు. శ్యామ్‌సుందర్ పక్కన నిలబడి, తనకి అందని లెక్కేదో అర్థమైనట్టు తల ఊపుతున్నాడు.

"ఈ దేశం వచ్చి ఇరవై ఆరేళ్ళక్కా," అంటోంది నళిని. "ఎన్ని పండగలు చేశానో, ఎంతమందికి వండి పెట్టానో. అందరికీ ఆంటీనే. నా మనిషి అని ఒక్కరు లేరు. రేపు దీని పెళ్ళిలో దోసిట్లో పేలాలు పొయ్యడానికి ఒక అన్న లేడే అని రాత్రిళ్ళు ఏడ్చేదాన్ని. నీ కొడుకున్నాడు. ఇంక నాకేం బెంగ?"

వసంతలక్ష్మి ఆవిడ తల నిమురుతోంది.

నిశాంత్ ముందుకు వెళ్ళాడు. అవని ఒక అడుగు వెనకే నిలబడింది.

"ఆంటీ, మీతో ఒక మాట చెప్పాలి."

నళిని తల ఎత్తింది. ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో నవ్వింది. "ఇంకా ఆంటీ ఏంట్రా? పిన్నీ అను. ఒక్కసారి అను, వింటాను. ఆ పిలుపు నాకు రాసి లేదనుకున్నాను."

"అది కాదు. ముందు నేను చెప్పేది..."

"ముందు పిలువు. తర్వాత ఎన్నైనా చెప్పు."

వసంతలక్ష్మి కూడా నవ్వుతూ చూస్తోంది. వాన చూరు మీంచి జారుతోంది. నిశాంత్ నోరు తెరిచాడు. మేమిద్దరం ప్రేమించుకుంటున్నాం అనే మాట అక్కడే ఉంది. ఆ మాట అంటే ఆవిడ మొహం ఏమవుతుందో కూడా అక్కడే కనిపిస్తోంది. వెనక్కి తిరిగి అవనిని చూస్తే చెప్పగలిగేవాడేమో. తిరగలేదు.

"పిన్నీ," అన్నాడు.

నళిని రెండు చేతులూ చాచి అతని మొహం పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. "ఏదో చెప్పాలన్నావ్?"

"ఏం లేదు. కార్ దూరంగా పార్క్ చేశాను. తీసుకొస్తాను."

ఆ పిలుపుకి అర్థం ఏమిటో అవనికి కెథీడ్రల్‌లో అతనే చెప్పాడు. ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అతని వీపు వైపు చూసింది. తడిసిన చొక్కా వీపుకి అతుక్కుని ఉంది. ఆ చొక్కా తనే కొనిచ్చింది.

"అమ్మా అవనీ," వసంతలక్ష్మి పిలిచింది. "వాడికి గొడుగు లేదు. మళ్ళీ తడుస్తాడు. నీది కాస్త ఇస్తావా?"

అవని బ్యాగ్‌లోంచి గొడుగు తీసింది. వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అన్ని తెలుగు మాటలకీ అమెరికా యాస తగిలించే ఆ అమ్మాయి, అక్షరం అక్షరం సరిగ్గా పలుకుతూ అంది.

"తీసుకో, అన్నయ్యా."

నిశాంత్ గొడుగు అందుకున్నాడు. తెరవలేదు. అలాగే వానలోకి నడిచాడు.

"చూశావా అక్కా," నళిని మురిసిపోయింది, "ఎంత చక్కగా పిలిచిందో!"