ఫెన్‌విక్ ఓటు

లాకస్ట్ వీధి చివరింట్లో మూడో అంతస్తు గది మంచిది కాదని ఆ ఒహాయో ఊళ్లో అందరికీ తెలుసు. ఉత్తరాలు పంచే మనిషి ఆ ఇంటి గడప ఎక్కేవాడు కాదు. మెట్ల మీద పడేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవాడు.

రాత్రి పూట... ఇల్లంతా నిద్రపోయాక... పైన ఏదో దొర్లేది.

టక్... గరగర... టక్.

కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ — టక్.

"ఎజ్రా ఫెన్‌విక్ లేచాడు," అనుకుని కింద పడుకున్న కుర్రాళ్లు దుప్పటి తల మీదికి లాక్కునేవాళ్లు.

ఆ ఇల్లు కాలేజీ కుర్రాళ్లది. లాంతరు సోదరులని వాళ్ల సంఘం పేరు. గుట్ట మీది పెద్ద సంఘాలు ఉక్కు మిల్లు కూలీల పిల్లల్ని గుమ్మంలోంచే పంపేసిన రోజుల్లో, అలా గెంటించుకున్నవాళ్లే చందాలేసుకుని ఆ ఇల్లు కొన్నారు. వాళ్లలో ఒకడు ఎజ్రా ఫెన్‌విక్. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్తూ, "నేనొచ్చేదాకా నా కుర్చీ తియ్యొద్దు, నా ఓటు ఉంచండి," అని చెప్పి వెళ్లాడు. మనిషి రాలేదు. కుర్చీ తియ్యలేదు. అరవై ఏళ్లుగా రాత్రి భోజనంలో ఆ కుర్చీ ముందు ఒక కంచం పెడుతూనే ఉన్నారు.

ఇంతవరకూ భయపడాల్సిందేమీ లేదు. భయమంతా ఓటు దగ్గర మొదలైంది.

ఏడాదికి రెండుసార్లు, సెప్టెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి, కొత్తవాళ్లని చేర్చుకుంటారు. చేరతామన్నవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, మూడో అంతస్తు గదిలో కొవ్వొత్తి వెలుగులో ఓటేస్తారు. ఒక చెక్క పెట్టె. పైన పళ్ళెంలో తెల్ల గోళీలు, నల్ల గోళీలు. ఒక్కొక్కడే వెళ్లి, ఇష్టమైతే తెల్లది, కాదంటే నల్లది కన్నంలో వేస్తాడు. అది కింది సొరుగులో పడుతుంది. ఒక్క నల్ల గోళీ కనబడితే చాలు, సొరుగు మూసెయ్యాలి. లెక్కపెట్టకూడదు. ఎవరు వేశారని అడక్కూడదు. గంటాగి ఇంకోసారి వేసినా నల్లదే పడితే, కాగితం మొత్తం చించెయ్యాలి.

పేరు చెప్పక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. చేతికి మట్టి అంటకుండా మనిషిని బయటికి నెట్టడానికి ఇంతకన్నా పిరికి పద్ధతి ఇంకోటుందా? గుట్ట మీదవాళ్లు ఈ ఇల్లు కొన్నవాళ్లని గెంటింది సరిగ్గా ఇలాగే. గెంటించుకున్నవాళ్లు అదే పెట్టె తెచ్చి తమ ఇంట్లో పెట్టుకున్నారు! దెబ్బ తిన్నవాడు కర్రని విరిచెయ్యకుండా దాచుకున్నట్టు.

మూడేళ్లలో అయిదుసార్లు నల్ల గోళీ పడింది. మధ్యలో ఒక్కసారి మాత్రం పడలేదు. ఆ ఏడు చేరినవాళ్లే మిలన్ హ్రుష్కా, బెల్లో కవలలు టిబర్, ఆండర్. పాతవాళ్లు చదువు ముగించి వెళ్లిపోయారు. చివరికి ఇంట్లో నలుగురే మిగిలారు: ఈ ముగ్గురూ, పెట్టె తీసే పెద్దన్న గార్త్ లిండ్‌క్విస్టూ.

నలుగురూ ఒట్టేసి తెల్లదే వేశామంటారు. మరి నల్లది వేసిందెవరు?

"ఇంకెవరు? ఫెన్‌విక్!" అని ఊరు తేల్చేసింది. "తన కాలంవాళ్లకి సరితూగేవాడు ఒక్కడూ కనబడట్లేదు ఆయనకి."

ఆ జనవరిలో కాలేజీ డీన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆదివారం అర్ధరాత్రి లోపల ఎనిమిది మంది పేర్లు రాకపోతే ఇల్లు మూసేస్తామని.

మిలన్‌కి కాళ్ల కింద నేల కదిలింది. వాళ్ల నాన్న పనిచేసే మిల్లు ఆ శరదృతువులోనే గేట్లు వేసేసింది. ఈ ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ చూసుకుంటాడు కాబట్టి మిలన్‌కి గది ఊరికే దొరికింది. ఇల్లు పోతే గది పోతుంది, గది పోతే చదువు పోతుంది. ఇంటికెళ్తే నాన్నా తనూ ఇద్దరూ పని లేక కిటికీ దగ్గర కూర్చోవాలి.

కొత్తవాళ్లని తెచ్చే బాధ్యత తనే నెత్తినేసుకున్నాడు.

గుట్ట మీది సంఘాలు పీపాలకు పీపాలు బీరు దింపాయి. మిలన్ దగ్గర ఉన్నవి రెండు భుజాలే. హాస్టలు ముందు మంచులో నిలబడి, కొత్తగా దిగినవాళ్ల పెట్టెలు మోశాడు. అలా దొరికినవాడే డెల్బర్ట్ యోడర్. పొలం పనిచేసే ఇంటి పిల్లాడు, తాటిచెట్టంత పొడుగు, చలికి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాడి పెట్టెకి తాడు కట్టి ఉంది.

"మీ ఇంట్లో దెయ్యం ఉందటగా అన్నా?" అన్నాడు మెట్లెక్కుతూ.

"ఉంది. గిన్నెలు తోమదు. అదొక్కటే దాంతో గొడవ."

"బీరు?"

"లేదు. మిసెస్ కొవాక్ మాంసం కూరి చేసే క్యాబేజీ చుట్టలున్నాయి. ఆవిడ మా వంటావిడ. రెండోసారి వడ్డించుకోకపోతే తిడుతుంది."

"పైకప్పైనా ఉందా?"

"ఉంది... చాలావరకు."

డెల్బర్ట్ పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "గుట్ట మీదవాళ్లందరూ మొదట అడిగింది మా నాన్న ఏం చేస్తాడని. నువ్వు అడగలేదేం?" అన్నాడు.

"ఏముంది దీంట్లో, అనపకాయలా ఇనుమా? నీ పెట్టె మోస్తుంటే ఊపిరాడి చస్తేగా అడగడానికి!"

వారం తిరిగేసరికి డెల్బర్ట్ ఇంకో ముగ్గుర్ని వెంటేసుకుని భోజనానికి వచ్చాడు. నలుగురూ చేరతామన్నారు. నాలుగూ నాలుగూ ఎనిమిది. ఒక్కడూ తక్కువ లేడు, ఒక్కడూ ఎక్కువ లేడు.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పైన ఓటు మొదలైంది. కొవ్వొత్తి. పెట్టె. గోడవారగా ఫెన్‌విక్ కుర్చీ — ఓటు ఉన్న రోజు దాన్నీ పైకి మోసుకొస్తారు.

ఒక్కొక్కరే వేశారు. గార్త్ సొరుగు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

చూశాడు.

మూసేశాడు.

"నల్లది," అన్నాడు.

టిబర్ తన తమ్ముడు ఆండర్ వైపు చూశాడు. "నువ్వేనా?"

"నేనా! ఒకే కడుపున పుట్టినవాణ్ణి నన్నడుగుతావా?"

"ఎవర్నీ అడక్కూడదు. నియమం," అన్నాడు గార్త్. "గంటాగి ఇంకోసారి వెయ్యొచ్చు. అంతే. తర్వాత కాగితం చించెయ్యడమే."

కింద వంటింట్లో ఆ నలుగురు కుర్రాళ్లూ బల్ల చుట్టూ చేరి, పొయ్యిలో కాలుతున్న ఆపిల్ పై కోసం చూస్తున్నారు. తలుపు సందులోంచి డెల్బర్ట్ నవ్వు వినబడుతోంది. మిలన్ మెట్ల మీదే ఆగిపోయాడు. లోపలికెళ్లి వాడి మొహం ఎలా చూడాలి? వాణ్ణి పంపెయ్యడానికి మేము గుట్ట మీదవాళ్లమా?

లెక్కపెట్టకూడదట. అడక్కూడదట. నోరు మూసుకుని నష్టపోవడాన్ని నియమం అంటారా? వాళ్ల నాన్న మిల్లులోనూ ఇంతే. ఎవరూ అడగలేదు... గేటుకి తాళం పడేదాకా.

మిలన్ వెనక్కి తిరిగాడు. కొవ్వొత్తి తీసుకుని ఒక్కడే పైకెక్కాడు.

తలుపు కిర్రుమంది.

గదిలో బయటికన్నా చలిగా ఉంది. కుర్చీ ఉన్న వైపు చూడకూడదనుకున్నాడు... చూశాడు. ఖాళీగానే ఉంది.

సొరుగు లాగాడు. వేలితో ఒక్కోదాన్నీ పక్కకి జరిపాడు.

తెల్లది. తెల్లది. తెల్లది... తెల్లది.

ఆ పక్కన నల్లది.

నాలుగూ ఒకటీ అయిదు.

ముందు మనసు తేలికైంది. అన్నదమ్ముల్లో ఎవడూ మోసం చెయ్యలేదు! నలుగురూ నిజమే చెప్పారు! ఆ వెంటనే ఇంకో లెక్క తట్టింది.

ఓటేసింది నలుగురే.

మరి... ఈ అయిదోది?

సొరుగు మూశాడు. ఏం చెయ్యాలో తోచక, ప్రతి ఓటు తర్వాతా చేసే పనే చేశాడు. పెట్టెని వెనక్కి వంచాడు. సొరుగులోని గోళీలు వెనక గాడిలోంచి దొర్లుకుంటూ పై పళ్ళెంలోకి వచ్చాయి. ఒకటి... రెండు... మూడు... నాలుగు. నాలుగూ తెల్లవే.

నల్లది రాలేదు.

పెట్టె నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లగా... మెల్లగా సొరుగు లాగాడు.

ఖాళీ.

అప్పుడే పెరటి వెనక పట్టాల మీద పదింటి గూడ్సు బండి వచ్చింది. ఎప్పటిలాగే ఇల్లంతా సన్నగా అదిరింది. మిలన్ అరచేతి కింద, పెట్టె లోపల్నుంచి —

టక్... గరగర... టక్.

"ఓరి దేవుడో!" మోచెయ్యి తగిలి కొవ్వొత్తి పడి ఆరిపోయింది. మిలన్ వెనక్కి తూలుతూ సొరుగు పిడి వదల్లేదు. సొరుగు ఒక్క గుంజుతో ఊడి చేతికొచ్చింది. చీకట్లో ఏదో గుండ్రటిది వచ్చి వేలికి తగిలింది.

అగ్గిపుల్ల గీశాడు. నల్ల గోళీ.

పెట్టెలోకి తొంగి చూశాడు. వెనక చెక్క పగిలి లోపలికి వంగి ఉంది. దాని వెనక గోళీ పట్టేంత సందు. పెట్టె వంచితే గోళీ ఆ సందులోకి పోతుంది, సొరుగు గుంజితే బయటికొస్తుంది. గూడ్సు వెళ్లినప్పుడు లోపలే దొర్లుతుంది. ఆ బండి చప్పుడు వాళ్లకి ఊపిరిలాగా అలవాటైపోయింది కాబట్టి, ఎవరూ రెంటికీ ముడి వెయ్యలేదు.

మిలన్ నేల మీద కూలబడి నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. మెట్ల మీద దడదడమని అడుగుల చప్పుడు. ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు.

"ఇదిగో మీ ఫెన్‌విక్!" అని గోళీ ఎత్తి చూపించాడు. "ఈ పెట్టె ఎప్పుడు పగిలింది అన్నా?"

గార్త్ తల వంచుకున్నాడు. "నేను చేరిన ఏడే. మెట్ల మీద నా చేతిలోంచి జారింది... ఎవరికీ చెప్పలేదు. పైకి బాగానే ఉందనుకున్నాను."

"మరి మేం ముగ్గురం ఎలా చేరాం?" అన్నాడు ఆండర్.

"నీకు గుర్తులేదూ? ఆ సెప్టెంబరులో అన్న చేతికి సిమెంటు కట్టు. సొరుగు మెల్లగా లాగి ఉంటాడు!" అన్నాడు టిబర్.

"అయిదు జాబితాలు..." అన్నాడు గార్త్. "అంతమందినీ ఒక పగిలిన చెక్క వెనక్కి పంపింది."

"చెక్క కాదన్నా, మనం పంపాం," అన్నాడు మిలన్. "ఒక్కసారి లెక్కపెట్టి ఉంటే తెలిసిపోయేది. ఇవాళ్టి నుంచి లెక్కపెడదాం. దీపం వేసి మరీ."

నల్ల గోళీని జేబులో వేసుకున్నాడు. సందులో గుడ్డ కుక్కాడు. పెట్టె తలకిందులు చేసి, దులిపి, ఖాళీ అని అందరికీ చూపించాడు. పళ్ళెంలో నాలుగు తెల్లవి, నాలుగు నల్లవి పెట్టాడు. మిగతావన్నీ డబ్బాలో పోసి, ఆ డబ్బా గది బయట పెట్టి తలుపేశాడు. దీపం వెలిగించాడు.

ఒక్కొక్కరే వెళ్లి వేశారు. టక్. టక్. టక్. టక్.

గార్త్ పక్కకి తప్పుకున్నాడు. "నువ్వే తియ్యి తమ్ముడూ."

మిలన్ సొరుగు మెల్లగా లాగాడు. ఒక్కటీ నల్లది లేదు. కవలలు ఒకరినొకరు వాటేసుకుని గెంతారు. మాటిచ్చాడు కాబట్టి మిలన్ పైకే లెక్కపెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు..."

ఆగాడు.

పళ్ళెం చూశాడు. నల్లవి నాలుగూ అక్కడే ఉన్నాయి. తెల్లది ఒక్కటీ లేదు. మళ్ళీ సొరుగు చూశాడు.

"ఏమైందిరా?" గార్త్ గుసగుసగా అడిగాడు.

మిలన్ చివరి గోళీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మిగతా నాలుగింటికీ ఇంకా వేళ్ల వెచ్చదనం ఉంది. ఇది మాత్రం... చల్లగా... ఇప్పుడే మంచులోంచి తీసినట్టుంది.

నలుగురూ గోడవార కుర్చీ వైపు తిరిగారు. చిత్రమేంటంటే, ఎవరికీ భయం వెయ్యలేదు. అరవై ఏళ్లుగా కంచం పెడుతున్న మనిషి... ఆయన ఓటు ఆయన వేసుకున్నాడు.

కింద నుంచి మిసెస్ కొవాక్ కేక వినబడింది. "ఏమయ్యా! ఈ పొడుగు కుర్రాడు రెండో ఆపిల్ పై మీద కన్నేశాడు! వీళ్లని ఉండమంటారా, పొమ్మంటారా? నలుగురూ ఒప్పుకున్నారా లేదా?"

మిలన్ గోళీని గుప్పిట్లో బిగించి, మెట్ల వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"ఉండమనండమ్మా! ఒప్పుకున్నాం... అయిదుగురం!"